ఆడుమళయాళం నుంచి ‘జంబలకిడిపంబ’ దాకా

అభ్యుదయ రచయితలకు సినిమా ఎన్నడూ పరాయిది కాదు. 1943 ఫిబ్రవరిలో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభకు అధ్యక్షత వహించిన తాపీ ధర్మారావుగారు, అంతకు అయిదేళ్ల ముందే ‘మాలపిల్ల’కు మాటలు రాశారు. అయినా మన పత్రికల్లో సినిమా ప్రస్తావన వచ్చేది ‘మాలపిల్ల’, ‘రైతుబిడ్డ’, ‘మా భూమి’ వంటి చిత్రాల సందర్భంలోనే. ఈ మధ్యకాలంలో వచ్చిన వందలాది హాస్యచిత్రాలను ‘వ్యాపార చిత్రాలు’ అన్న ఒక్క మాటతో కట్టగట్టి అటక మీద పడేశాం. వ్యాపార చిత్రాలే, సందేహం లేదు. కాని వ్యాపారి అమ్మిన సరుకు జనం ఎందుకు కొన్నారు, కొని ఇంటికి తీసుకుపోయి దాన్ని ఏం చేసుకున్నారు అన్న ప్రశ్న విమర్శకుడు వేసుకోవలసిందే.

ఇ.వి.వి. సత్యనారాయణ దర్శకత్వంలో 1993లో వచ్చిన ‘జంబలకిడిపంబ’ విషయంలో ఈ ప్రశ్న మరీ అవసరం. సినిమా పేరు భాషలో మాటగా మారిపోవటం అరుదు. ఆడమనిషి ట్రాక్టరు తోలినా, మగవాడు బిడ్డను ఎత్తుకుని రేషన్ షాపు దగ్గర నిలబడినా, మునిమనవడు తాతను గదమాయించినా “అంతా జంబలకిడిపంబ అయిపోయింది” అంటారు మా తీరగ్రామాల్లో. ఆ మాట అనేవాళ్లలో సగంమంది ఆ సినిమా చూసినవాళ్లు కారు. అర్థంలేని ఒక గారడీ శబ్దానికి జనం అర్థం ఇచ్చారు. ఆ అర్థం ఏమిటో చూద్దాం.

కథ అందరికీ తెలిసినదే. మగవాళ్ల పెత్తనం మీద కసి పెంచుకున్న విజయ అనే యువతి (ఆమని) చేతికి ఒక విచిత్రమైన మందు చిక్కుతుంది. దాని ప్రభావంతో విశాఖపట్నంలో ఆడవాళ్లందరికీ మగవాళ్ల నడవడి, మగవాళ్లందరికీ ఆడవాళ్ల నడవడి పట్టుకుంటాయి. శరీరాలు మారవు. కట్టుబాట్లు, చాకిరీ, సిగ్గు, పొగరు మాత్రం చేతులు మారతాయి. ఆడవాళ్లు తాగుతారు, రోడ్డు మీద మగపిల్లల్ని అల్లరిపెడతారు; మగవాళ్లు ఇంటిపని చేస్తూ ఒదిగి ఒదిగి తిరుగుతారు. ఇది చాలదన్నట్టు పిల్లలు పెద్దల్లాగా, పెద్దలు పిల్లల్లాగా ప్రవర్తించటం మొదలుపెడతారు. విజయ భర్తగా నరేశ్ పడే పాట్లు సినిమాకు వెన్నెముక. చివరకు లోకం మళ్లీ మామూలవుతుంది.

దీని మీద మన వైపునుంచి రాదగిన ఆక్షేపణ ఏమిటో ఊహించటం కష్టం కాదు. స్త్రీ విముక్తి కోరే మనిషిని లోకాన్ని తలకిందులు చేసే తిక్కమనిషిగా చూపించి, ఆమె కోరిక నెరవేరితే ఎంత అనర్థమో నిరూపించి, పాత వ్యవస్థను తిరిగి పీఠం ఎక్కించే చిత్రం ఇది. కాబట్టి అభివృద్ధి నిరోధకం. ఈ ఆక్షేపణ నిజమే. అయితే అది సినిమా మొదటి రీలుకూ చివరి రీలుకూ మాత్రమే సమాధానం చెబుతుంది. మధ్యలో ఉన్నదాన్ని ముట్టుకోదు. ముప్పయ్యేళ్లుగా జనం నవ్వుతున్నది మధ్యలో ఉన్నదాన్ని చూసి.

సినిమా టీవీలో వచ్చినప్పుడు ఒక చిన్న సంగతి గమనించాను. ఇంట్లో అందరూ కలిసి చూస్తారు, అందరూ నవ్వుతారు, కాని ఒకేచోట నవ్వరు. ఆడవాళ్లు మగవేషాలు వేసే సన్నివేశాలకు మగవాళ్లు పగలబడి నవ్వుతారు. మగవాడు వంటింట్లో పడి వేగిపోతూ, బయటినుంచి వచ్చిన పెళ్లాం కసురుకుంటే బిక్కచచ్చిపోయే చోట ఆడవాళ్లు నవ్వుతారు. మొదటి నవ్వులో ఎగతాళి ఉంది. రెండో నవ్వులో ‘అనుభవించు’ అన్న తృప్తి ఉంది. ఒకే చిత్రం ఒకే గదిలో ఉన్న రెండు పక్షాలకు వేరువేరు సరుకు అందిస్తున్నది. దాని ఆకర్షణ రహస్యం నాకు తెలిసినంతలో ఇదే. ఈ రెండు నవ్వులకూ మన సాహిత్యంలో వేరువేరు పుట్టుకలు కూడా ఉన్నాయి.

మొదటిది ప్రమీల కథ. అశ్వమేధాశ్వం వెంట పోయిన అర్జునుడు స్త్రీరాజ్యంలో చిక్కుకుంటాడు. అక్కడ ఏలేది స్త్రీ, యుద్ధం చేసేదీ స్త్రీ. పిల్లలమర్రి పినవీరభద్రుడి జైమినీ భారతం దగ్గర్నుంచి 1965 నాటి ‘ప్రమీలార్జునీయం’ చిత్రం దాకా ఈ కథ తెలుగువాళ్లకు పరిచయమే. ఇందులో స్త్రీరాజ్యం ఎంత బలంగా ఉంటే అర్జునుడి గెలుపు అంత ఘనం. ప్రమీల కత్తి చివరకు పెళ్లిపీటల దగ్గర దించబడుతుంది. స్త్రీ ఏలుబడి ఒక వింత. దాని ముగింపు వివాహం.

రెండోది కందుకూరి వీరేశలింగంగారి ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’. పందొమ్మిదో శతాబ్దం చివరి దశకంలో వచ్చిన ఈ గ్రంథానికి స్విఫ్టు రాసిన గలివర్ యాత్రలు ప్రేరణ. సత్యరాజాచార్యులవారు చేరిన ఆడుమళయాళంలో పెత్తనమంతా స్త్రీలది. పురుషులు ఇంటిపట్టున పడి భార్యలకు లోబడి ఉంటారు. స్త్రీకి మన శాస్త్రాలు విధించిన ధర్మాలన్నీ అక్కడ పురుషుడి నెత్తిమీద ఉంటాయి. ఆ ధర్మాలను సమర్థించే వాదాలు కూడా మన పండితులు చేసే వాదాలే, లింగం ఒక్కటే తారుమారు. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించి తిట్లూ వెలీ భరించిన మనిషి, పదేళ్ల తరవాత అదే శత్రువును ఈసారి నవ్వుతో కొట్టాడు. వాదంలో ఓడనివాడు అద్దం ముందు ఓడతాడని ఆయనకు తెలుసు. ఇక్కడ స్త్రీరాజ్యం జయించవలసిన కోట కాదు, మన ముఖం చూసుకోవలసిన అద్దం.

‘జంబలకిడిపంబ’ ఆడుమళయాళంలో బయలుదేరి ప్రమీల పెళ్లిపందిట్లో ఆగిపోయిన సినిమా. మధ్యలో అద్దం పడతారు, చివర్లో ఆ అద్దం బోర్లిస్తారు.

అద్దం పట్టినంతసేపూ అది చేసే పని తక్కువది కాదు. ఒక పోలిక చెప్తాను. స్థానం నరసింహారావుగారు 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి నాటకరంగం మీద వెలిగినవారు. సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారగా ఆయన రంగం మీదికి వస్తే ప్రేక్షకులు నవ్వలేదు; చేతులెత్తారు. 1956లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. మగవాడు ఆడనడక నడిస్తే అక్కడ ఆరాధన, ఇక్కడ నవ్వు. ఎందుకని? స్థానంవారి వేషంలో మగవాడు పూర్తిగా అదృశ్యమవుతాడు. మిగిలేది సత్యభామ. కాబట్టి సత్యభామ సత్యభామలాగే ఉండటంలో వింతేమీ లేదు. నరేశ్ విషయంలో మగవాడు అదృశ్యం కాడు, కాకూడదు కూడా. మనకు తెలిసిన మగవాడు, మనింటి పక్కవాడు, భార్య గొంతు వినగానే భుజాలు ముడుచుకుంటే, ఆ ముడుచుకోవటం అనేది మొదటిసారి విడిగా కంటబడుతుంది. మన ఇళ్లలో రోజూ జరిగే ఆ క్రియ ఇన్నాళ్లూ కనబడలేదు, ఎందుకంటే అది ‘ఆడదాని స్వభావం’ అనే గోడలో కలిసిపోయి ఉంది. మందు పడగానే గోడలోంచి ఊడి వచ్చింది. స్వభావం అయితే ఒక మందుతో చేతులు మారుతుందా? తెరమీద అది చేతులు మారటం చూసి నవ్విన ప్రేక్షకుడు, అది అలవాటేనని నోటితో ఒప్పుకోకపోయినా నవ్వుతో ఒప్పుకున్నాడు.

దర్శకుడు ఈ సంగతి చెప్పదలచుకున్నాడా అంటే, అనుమానమే. ఇ.వి.వి. జంధ్యాల దగ్గర పని నేర్చినవాడు. 1990లో ‘చెవిలో పువ్వు’తో దర్శకుడయ్యాడు. సన్నివేశం పండిందా లేదా అన్నది ఆయన చూసుకున్న లెక్క. ఆ మరుసటేడు, 1994లో, ఇదే దర్శకుడు ‘ఆమె’ వంటి గంభీర చిత్రం తీసి ఒంటరి స్త్రీ దుఃఖాన్ని సూటిగా చెప్పాడు. కాని కన్నీటితో చెప్పినదానికంటె వెకిలితనంతో చెప్పినదే ఎక్కువ లోతుకు పోయిందని నా అభిప్రాయం. 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో ఎంగెల్స్ బాల్జాక్ గురించి చెప్పిన సంగతి మన విద్యార్థులందరికీ కంఠస్థమే: తన సానుభూతి ఏ వర్గం పక్షాన ఉన్నదో ఆ వర్గాన్నే పదునుగా ఎత్తిపొడవక తప్పని స్థితికి వాస్తవం ఆ రచయితను నెట్టింది. బాల్జాక్ పక్కన ఇ.వి.వి.ని కూచోబెట్టటం ఏమిటని కొందరు నొచ్చుకోవచ్చు. నేను స్థాయి గురించి మాట్లాడటం లేదు. రచయిత ఉద్దేశం వేరు, రచన చేసే పని వేరు అన్న సూత్రాన్ని మనం గొప్ప నవలలకు మాత్రమే దాచిపెట్టుకున్నాం.

అయితే ఈ అద్దంలో ఒక మూల పగిలి ఉంది. అది వర్గం.

మా అడవులదీవి నిజాంపట్నం పక్కన, సముద్రానికి దగ్గర. ఈ చుట్టుపక్కల మగవాళ్లు వేటకు పోతే, వచ్చిన చేపను బేరమాడి కొని, గంపకెత్తి ఊరూరా తిరిగి అమ్మి, డబ్బు లెక్కచూసేది ఆడవాళ్లు. రొయ్యల షెడ్లలో తెల్లవారకముందే పోయి తలలు వలిచేదీ వాళ్లే. వరినాట్లు, కలుపులు సరేసరి. అలా చేపలమ్ముకునే ఒక పెద్దావిడ ఈ సినిమా మాట వచ్చినప్పుడు నన్నడిగింది: “అందులో ఆడోళ్లు చేసే మగపన్లేంటి మాస్టారూ? బండి తోలటం, తాగటం, తిరగటం. మరి మేం చేసేయి ఎవరి పన్లంటారు?” నా దగ్గర జవాబు లేకపోయింది. సినిమాలో తారుమారయ్యేది ఉద్యోగం చేసే భర్త, ఇల్లు చూసుకునే భార్య ఉన్న పట్నపు మధ్యతరగతి ఇల్లు. ఆ ఇంట్లో గోడకు అటూ ఇటూ పని పంచబడి ఉంది కనక తిరగేస్తే నవ్వు వస్తుంది. గంప నెత్తిన పెట్టుకున్న మనిషికి అటు పనీ ఇటు పనీ కూడా తనదే. ఆమె జీవితాన్ని తిరగేస్తే కూలిరేటు మారాలి, మగకూలీకి ఇచ్చే మొత్తం ఆడకూలీకి అందాలి. అందులో హాస్యం ఎక్కడుందో వెతకటానికి ఆ సినిమా ప్రయత్నించలేదు. ప్రయత్నించి ఉంటే, నవ్వు పల్చబడేది కాదు, ఇంకా చిక్కబడేదేమో!

సమానత్వం గురించి ఈ చిత్రం చేసిన ఊహ ఎంత బీదదో తెలియాలంటే అది వచ్చిన కాలం చూడాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్కడ పుట్టిన ఉద్యమం జిల్లాలు దాటి పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ‘నీలిమేఘాలు’ కవితాసంకలనం ఓల్గా సంపాదకత్వంలో వచ్చిందీ అదే 1993లో. పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు స్త్రీలకు కేటాయించిన 73వ రాజ్యాంగ సవరణ అమలుకు వచ్చిందీ ఆ ఏడాది ఏప్రిల్‌లోనే. అంటే సినిమా థియేటర్లో విజయ మందు పనిచేసి ఆడవాళ్లు సీసాలు ఎత్తుతున్న కాలంలో, బయట నిజంగా తిరగబడిన ఆడవాళ్లు సీసాలు పగలగొడుతున్నారు. స్త్రీకి అధికారం వస్తే ఏం చేస్తుంది అన్న ప్రశ్నకు ఈ చిత్రానికి దొరికిన జవాబు ‘మాలాగే తాగుతుంది, మాలాగే వీధుల్లో ఏడిపిస్తుంది’ అని. ఇది స్త్రీ కోరిక కాదు. భయపడ్డ మగవాడి పీడకల. తన దుర్గుణాలు తప్ప తన దగ్గర ఇంకొకరు ఆశించదగినది ఏదీ లేదని మగవాడు తెలియకుండానే ఒప్పుకున్న చోటు ఇది. ఆ లెక్కన ఇదీ ఒక అద్దమే.

ఇంకొక లోపం ఉంది. దీన్ని లోపమనటం చాలదు. ఆడవాళ్లు మగవాణ్ణి రోడ్డు మీద అల్లరిపెట్టే సన్నివేశాలకు హాలు హాలంతా నవ్వింది. మామూలు రోజున ఆడపిల్ల మీద అదే జరిగితే ఎవరూ నవ్వకూడదు. ఇక్కడ ఎలా నవ్వగలిగాం? ఆ మగవాడికి ఏమీ కాదని మనకు తెలుసు. సిగ్గు, చాకిరీ, అలక, కన్నీళ్లు అన్నీ మందుతో చేతులు మారాయి. భయం ఒక్కటి మారలేదు. సందు మలుపు తిరిగేముందు వెనక్కి చూసుకునే భయం, సాయంత్రం ట్యూషన్‌నుంచి ఒంటరిగా రావలసిన పదోతరగతి పిల్ల కడుపులో ఉండే భయం, ఏ నటుడి ముఖంలోనూ కనిపించదు. కనిపించి ఉంటే నవ్వు గొంతులో ఆగిపోయేది, అప్పుడు టికెట్లు తెగవు. మా క్లాసులో మగపిల్లలు ఈ సినిమా ముక్కలు ఫోన్లలో చూసి వచ్చి అనుకరిస్తుంటారు. ఆడపిల్లలు చాలావాటికి నవ్వుతారు. ఈ ఒక్క ఘట్టం దగ్గర చూపు పక్కకు తిప్పుకుంటారు. ఏ సిద్ధాంతగ్రంథమూ చదవని ఆ పిల్లలు సినిమా హద్దు ఎక్కడుందో సరిగ్గా గుర్తుపట్టారు.

నవ్వు ఇలా ఎటుపడితే అటు తిరగకుండా ఒకేచోట గురిపెట్టటం మన చలనచిత్రాలకు చేతకాని పని కాదు. 1957 నాటి ‘మాయాబజార్’లో చిర్రావూరు బిడ్డ సావిత్రి, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా నటించింది. అది కూడా ఆడదాని శరీరంలోకి మగనడవడి ప్రవేశించిన కథే. పెళ్లిపీటల మీద పెళ్లికూతురు లక్ష్మణకుమారుడి కాలు తొక్కితే పిల్లా పెద్దా, ఆడా మగా ఒకేచోట నవ్వుతారు. కారణం ఒక్కటే. ఆ నవ్వు తగిలేది ఎవరికో కె.వి. రెడ్డిగారికీ పింగళివారికీ ముందే తెలుసు. రాజ్యం ఉన్నవాడి కొడుకు కనక పిల్లను కట్టుకుపోవచ్చుననుకున్న చవటకు. అధికారం చేసిన సంబంధాన్ని ఆడరూపమే అల్లరిపాలు చేస్తున్నది. ‘జంబలకిడిపంబ’లో బాణం సన్నివేశానికొకసారి దిక్కు మార్చుకుంటుంది. ఒకసారి భర్తకు, ఒకసారి భార్యకు, ఒకసారి ఉద్యమానికి, ఒకసారి దారినపోయేవాడికి. ఎవరూ నొచ్చుకోకుండా అందరికీ కాస్త కాస్త వడ్డించటం వ్యాపారసూత్రం. అందుకే అంతమందికి నచ్చింది, అందుకే ఎక్కడా రక్తం రాలేదు.

అద్భుతం, గారడీ, మందు వంటివి వాస్తవికతకు విరుద్ధం కాబట్టి అభ్యుదయ రచయితకు పనికిరావు అనే వాదం ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తుంది. మార్క్సిజాన్ని ఊపిరిగా చేసుకున్న తెనాలి కొడవటిగంటి కుటుంబరావుగారు దశాబ్దాలపాటు ‘చందమామ’లో దయ్యాలతో, మాంత్రికులతో పిల్లల్ని పెంచారు. ఆయన చేతిలో దయ్యం కూడా తర్కంగా ప్రవర్తిస్తుంది. లోకంలో ఒక్క నియమం మార్చి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచి, ఏం జరుగుతుందో చూడటం శాస్త్రజ్ఞుడి పద్ధతి. ‘జంబలకిడిపంబ’ నచ్చటానికి ఆ పద్ధతి కూడా ఒక కారణం. మందు ఒక్కటే అబద్ధం. దాని తరవాత వచ్చే ప్రతిదీ మన వీధిలోదే. 2018లో ఇదే పేరుతో ఇంకొక చిత్రం వచ్చింది. అందులో తారుమారయ్యేది విడిపోదలచుకున్న ఒక్క జంట మాత్రమే. ఊరంతా మారే చోట ఆచారం దొరుకుతుంది. ఒక్క జంట మారే చోట కాపురం సర్దుబాటు మాత్రమే దొరుకుతుంది. పాత చిత్రం మాట భాషలోకి వెళ్లింది, కొత్త చిత్రం పేరును అప్పు తెచ్చుకుంది.

ఆ మాటను ఇప్పుడు జనం ఏ దిక్కున వాడుతున్నారో కూడా చూడాలి. స్త్రీలకు కేటాయించిన పంచాయతీల్లో భార్య సంతకం పెడుతుంది, భర్త కుర్చీలో కూచుంటాడు. అర్జీ పట్టుకుని వచ్చినవాళ్లు ఆయన్నే ‘సర్పంచిగారూ’ అంటారు. దీన్ని ఎవరూ జంబలకిడిపంబ అనరు. ఎక్కడైనా ఒక ఆడమనిషి తన కుర్చీలో తనే కూచుని, తన ఫైలు తనే చదివి, మొగుణ్ణి బయట అరుగు మీద కూచోబెట్టిందనుకోండి. ఆ మాట అప్పుడు వస్తుంది.